ఈబుక్కులు లైబ్రరీకి ఎలా తెచ్చుకోవాలి, పాఠకులకు ఎలా ఇవ్వాలి: బెంగళూరు తెలుగువాళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం వైపు అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌసుల్లో తెలుగు పుస్తకాల బీరువా కనిపించడం ఇప్పుడు వింతేం కాదు. ఊరెళ్లినప్పుడల్లా ఎవరో ఒకరు నాలుగు నవలలు తెస్తారు. ఇల్లు మారేవాళ్లు అట్టపెట్టెడు పుస్తకాలు వదిలి వెళ్తారు. అలా బీరువా నిండాక కమిటీ మీటింగులో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: "ఇవే ఈబుక్కులుగా పెడితే పోలా? అందరూ ఫోన్లోనే చదువుకుంటారు కదా!"

పెట్టొచ్చు. కాకపోతే బీరువా నడిపిన అనుభవం ఇక్కడ సగమే పనికొస్తుంది. అచ్చు పుస్తకాన్ని లైబ్రరీ కొనేస్తుంది. ఈబుక్‌ని మాత్రం దాదాపు ఎప్పుడూ కొనదు, వాడుకోవడానికి అనుమతి తీసుకుంటుంది. బీఎంటీసీ నెల పాస్ తీసుకున్నవాడికి ప్రయాణం దొరుకుతుంది గానీ బస్సు సొంతం కాదు కదా, ఇదీ అంతే. ఒకేసారి ఎంతమందికి ఇవ్వొచ్చు, ఎన్నాళ్లు ఇవ్వొచ్చు, మొత్తం ఎన్నిసార్లు ఇవ్వొచ్చు అన్నవన్నీ లైసెన్స్ అనే కాగితంలో ఉంటాయి. ఈబుక్ లైబ్రరీ నడపడమంటే ముఖ్యంగా ఆ కాగితాన్ని సరిగ్గా రాయించుకోవడమే. యాప్, సర్వర్, వెబ్‌సైట్ అన్నీ దాని తర్వాతే.

మొదలుపెట్టే ముందు: చట్టం ఏమంటోంది

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. పుస్తకం ప్రతులను జనంలోకి విడుదల చేసే హక్కు రచయితదని 14వ సెక్షన్ చెబుతుంది. అప్పటికే చలామణీలోకి వచ్చేసిన ప్రతులకు మాత్రం ఆ హక్కు వర్తించదని కూడా అక్కడే ఉంది. అందుకే మీరు డబ్బు పెట్టి కొన్న నవలని పక్కింటావిడకి ఇవ్వొచ్చు, పాత పుస్తకాల షాపులో అమ్ముకోవచ్చు. మన బీరువా లైబ్రరీలన్నీ ఈ ఒక్క వెసులుబాటు మీదే నడుస్తున్నాయి.

ఈబుక్ దగ్గరికొచ్చేసరికి కథ మారుతుంది. మీ కంప్యూటర్లో ఉన్న ఫైల్ అక్కడే ఉంటుంది, పాఠకుడి ఫోన్లో ఇంకోటి పుడుతుంది. అంటే ఇచ్చిన ప్రతిసారీ కొత్త ప్రతి తయారవుతోంది. ప్రతి తీసే హక్కు రచయితదే కాబట్టి అడక్క తప్పదు.

"మా దగ్గర అచ్చు పుస్తకం ఉంది. దాన్ని స్కాన్ చేసి, ఒకసారికి ఒక్కరికే ఇస్తాం. ఆ టైములో అచ్చు ప్రతిని బీరువాలోంచి తియ్యం" అనే వాదన చాలామంది తెస్తారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. అమెరికాలో ఇంటర్నెట్ ఆర్కైవ్ సరిగ్గా ఇదే చేసింది. కరోనా సమయంలో, 2020 మార్చిలో, ఒక్కరికే అన్న పరిమితిని కూడా కొన్నాళ్లు ఎత్తేసింది. ఆ జూన్‌లో నలుగురు పెద్ద ప్రచురణకర్తలు కేసు వేశారు. 2023 మార్చిలో కింది కోర్టు, 2024 సెప్టెంబరులో అప్పీలు కోర్టు, రెండూ ప్రచురణకర్తల పక్షమే తీర్పిచ్చాయి. యూరప్ కోర్టు 2016లో కొన్ని షరతుల మీద లైబ్రరీలకు కాస్త అనుకూలంగా మాట్లాడింది. ఇవేవీ మన కోర్టుల తీర్పులు కావు గానీ, గాలి ఎటు వీస్తోందో తెలుస్తుంది. మన చట్టంలో 2012 సవరణ ఇచ్చిన అవకాశం చిన్నది: లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీ తన దగ్గర ఇప్పటికే ఉన్న పుస్తకాన్ని భద్రపరచడం కోసం డిజిటల్ రూపంలో దాచుకోవచ్చు. దాచుకోవచ్చు అంది, పంచొచ్చు అనలేదు.

ఇక వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగే పీడీఎఫ్‌ల గురించి. "అందరూ చేస్తున్నదే" అంటారు. బతికున్న రచయిత పుస్తకం నాలుగు వందల కాపీలు అమ్ముడైతే గొప్ప అనుకునే భాష మనది. అందులో వంద కాపీల గిరాకీని మనమే ఎగ్గొట్టి, పైగా దానికి లైబ్రరీ అని పేరు పెట్టుకోవడం నాకు నచ్చదు.

మొదటి అడుగు: ఊరికే దొరికేవి ముందు చూసుకోండి

డబ్బు ఖర్చు పెట్టే ముందు, మీ సభ్యులు ఇప్పటికే వేటికి అర్హులో ఒక పేజీ రాసి నోటీసు బోర్డులో పెట్టండి. సగం అవసరం అక్కడే తీరిపోతుంది.

బెంగళూరులో ఆస్తిపన్ను కట్టేవాళ్లు దాని మీద 6 శాతం లైబ్రరీ సెస్ కూడా కడుతున్నారు. కాబట్టి కర్ణాటక గ్రంథాలయ శాఖ 2020లో మొదలుపెట్టిన డిజిటల్ పబ్లిక్ లైబ్రరీలో ఉచితంగా పేరు నమోదు చేసుకోవడానికి మొహమాటపడక్కర్లేదు. అక్కడ ప్రధానంగా కన్నడ, ఇంగ్లిష్ పుస్తకాలుంటాయి. ఇక్కడి బళ్లలో కన్నడ చదువుతున్న మన పిల్లలకు బాగా పనికొస్తాయి. ఖరగ్‌పూర్ ఐఐటీ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ విద్యార్థులకు మంచిది. కాలేజీ లెక్చరర్లు ఉంటే, వాళ్ల కాలేజీకి గుజరాత్ గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ (కాలేజీ, యూనివర్సిటీ లైబ్రరీల కోసం పనిచేసే సంస్థ) వారి ఎన్‌-లిస్ట్ సభ్యత్వం ఉందేమో కనుక్కోమనండి. ఉంటే లక్షల్లో ఈబుక్కులు వాళ్లకి ఎలాగూ అందుబాటులో ఉన్నట్టే.

చిన్నపిల్లల పుస్తకాలకైతే మన ఊళ్లోనే నిధి ఉంది. బెంగళూరు సంస్థ ప్రథమ్ బుక్స్ 2015లో స్టోరీవీవర్ మొదలుపెట్టింది. అందులో తెలుగు కథలు బోలెడు. హక్కుదారులే ముందుగా అందరికీ అనుమతి ఇచ్చేసే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఉన్నాయి కాబట్టి డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, ప్రింట్ తీసుకోవచ్చు, పంచొచ్చు. రచయిత, బొమ్మలు వేసినవారు, ప్రచురణ సంస్థ పేర్లు మాత్రం తీసేయకూడదు. ఎవరినీ అడగకుండా మొదటిరోజే మీ లైబ్రరీలో పెట్టగలిగినవి ఇవే. పాత తెలుగు పుస్తకాలకు తెలుగు వికీసోర్స్ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయం ఉంది. ఏ పాత పుస్తకాలు స్వేచ్ఛగా వాడుకోవచ్చో ఐదో అడుగులో చెప్తాను.

రెండో అడుగు: లైసెన్స్ రకాలు నేర్చుకోండి

ఇది కాస్త విసుగ్గా ఉన్నా ఓపిగ్గా చదవండి. డబ్బు పోయేదీ మిగిలేదీ ఇక్కడే.

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది "ఒక కాపీ, ఒక పాఠకుడు". ఒక లైసెన్స్‌కి ఒకసారి ఒక్కరికే పుస్తకం వెళ్తుంది. ఆయన గడువు తీరేదాకా మిగతావాళ్లు వెయిటింగ్ లిస్టులో ఉంటారు. లైసెన్స్‌కి కాలపరిమితి లేకపోతే ఇది అచ్చు పుస్తకానికి దగ్గరగా ఉన్నట్టే. కానీ పెద్ద ప్రచురణ సంస్థలు ఆ రోజుల్ని వెనక్కి నెట్టేశాయి. 2011లో హార్పర్‌కాలిన్స్ ఒక్కో లైసెన్స్‌కి 26 ఇష్యూలే అంది. రెండేసి వారాల చొప్పున లెక్కేస్తే సరిగ్గా ఏడాది. అచ్చు పుస్తకం కూడా అన్ని చేతులు మారితే నలిగిపోతుంది కదా అన్నది వాళ్ల వాదన. లైబ్రేరియన్లు మండిపడ్డారు. మంచి బైండింగ్ ఉన్న పుస్తకం అంతకన్నా ఎన్నో రెట్లు తిరుగుతుందని వాళ్లకి తెలుసు. 2018 అక్టోబరులో పెంగ్విన్ రాండమ్ హౌస్ శాశ్వత లైసెన్స్ తీసేసి రెండేళ్ల గడువు పెట్టింది. 2019లో మాక్‌మిలన్ ఇంకో అడుగు ముందుకేసి, కొత్త పుస్తకం వచ్చాక మొదటి ఎనిమిది వారాలు ఒక్కో లైబ్రరీ వ్యవస్థకి ఒకే ఒక్క కాపీ అంది. ఎంత పెద్ద నగరమైనా అంతే. లైబ్రరీలు బహిష్కరించడంతో 2020 మార్చిలో వెనక్కి తీసుకుంది.

రెండో రకంలో ముందుగా ఏమీ కట్టక్కర్లేదు. పాఠకుడు తీసుకున్నప్పుడల్లా లైబ్రరీకి ఇంత అని బిల్లు పడుతుంది. అమెరికాలో హూప్లా ఇలాగే నడుస్తుంది. వెయిటింగ్ ఉండదు, పాఠకులకి పండగే. నెలాఖరుకి బిల్లు చూసే కోశాధికారికి మాత్రం టెన్షన్. అందుకే అక్కడి లైబ్రరీలు ఒక్కొక్కరికి నెలకి ఇన్ని అని పరిమితి పెడతాయి.

మూడోది, ఒకేసారి ఎంతమందైనా చదువుకునే ఏడాది చందా. కాలేజీలకు బాగుంటుంది. చందా కట్టడం ఆగిన మర్నాడు పుస్తకాలన్నీ మాయం.

ఏది లాభమో తేల్చడానికి ఒక చిన్న లెక్క: లైసెన్స్ ధరని, గడువు లోపల నిజంగా జరగగల ఇష్యూలతో భాగించండి. రెండేళ్ల లైసెన్స్, 14 రోజుల ఇష్యూ అంటే గరిష్ఠంగా 52 సార్లు. ధర 1,500 రూపాయలు అనుకుందాం. కాగితం మీద ఒక్కో ఇష్యూకి 29 రూపాయలు పడుతుంది. కానీ మీ అపార్ట్‌మెంట్‌లో ఆ పుస్తకాన్ని రెండేళ్లలో ఆరుగురు చదువుతారనుకుంటే ఒక్కొక్కరికి 250. అదే పుస్తకం 26 ఇష్యూల లైసెన్స్ మీద, గడువు లేకుండా, వెయ్యి రూపాయలకి దొరికితే చిన్న లైబ్రరీకి అదే మేలు. మన ఇరవయ్యారు ఇష్యూలు ఎనిమిదేళ్లకి గానీ అవవు! అందరూ తిట్టిన షరతు చిన్నవాళ్లకి కలిసొస్తుందన్నమాట. పెద్ద ఊళ్ల లైబ్రరీల సలహాలు మక్కీకి మక్కీ దించుకోవద్దనేది ఇందుకే.

మూడో అడుగు: ఇంగ్లిష్ పుస్తకాలకి మధ్యవర్తి

అమెరికాలో పిల్లల దగ్గర ఆరునెలలు ఉండి వచ్చిన పెద్దవాళ్లు "అక్కడ లిబ్బీ యాప్‌లో ఎన్ని పుస్తకాలో!" అని చెప్తుంటారు. లిబ్బీ పాఠకుడికి కనిపించే ముఖం మాత్రమే. దాని వెనకున్నది ఓవర్‌డ్రైవ్, ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ సంస్థ. వేలకొద్దీ ప్రచురణకర్తలతో ఒప్పందాలు చేసుకుని, లైబ్రరీలకు లైసెన్సులు అమ్ముతుంది, ఫైళ్లు తన సర్వర్లలోనే ఉంచుతుంది. లైబ్రరీ చేతికి ఫైల్ రాదు.

ఇలాంటి మధ్యవర్తిని తీసుకుంటే పుస్తకాల ధర కాక ఏటా వేదిక (ప్లాట్‌ఫామ్) ఫీజు కూడా కట్టాలి. కార్పొరేట్ ఆఫీసుకో పెద్ద స్కూలుకో ఇది సరిపోతుంది. రెండు వందల ఇళ్ల అపార్ట్‌మెంట్‌కి నేను వద్దనే చెప్తాను. ఇంగ్లిష్ చదివేవాళ్లు బ్రిటిష్ కౌన్సిల్ డిజిటల్ లైబ్రరీకి ఎవరి చందా వాళ్లు కట్టుకుంటే చవక. మీ డబ్బూ ఓపికా తెలుగు మీద పెట్టండి. ఆ పని మీ తరఫున చేసిపెట్టేవాళ్లు లేరు.

ఒక హెచ్చరిక. సెక్రటరీగారి సొంత అకౌంట్ మీద కిండిల్‌లోనో గూగుల్ ప్లేలోనో పుస్తకాలు కొని, ఆ లాగిన్ అందరికీ ఇచ్చేసి అదే లైబ్రరీ అనుకోవడం కుదరదు. అవి సొంత వాడకానికే అని షరతుల్లో ఉంటుంది. అకౌంట్ మూసేస్తే కొన్నవన్నీ పోతాయి.

నాలుగో అడుగు: తెలుగు పుస్తకానికి హక్కుదారుని పట్టుకోండి

2016 చివర్లో కిండిల్ భారతీయ భాషల పుస్తకాలు తెచ్చినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. పెద్ద వేదికల్లో మనం ఎప్పుడూ ఆలస్యమే. దీనివల్ల ఒక మేలూ జరిగింది: చాలా తెలుగు పుస్తకాల డిజిటల్ హక్కులు ఇంకా రచయితల దగ్గరే ఉన్నాయి, ఫోన్ చేసి అడిగితే పలికే దూరంలో.

ముందు హక్కు ఎవరిదో తేల్చుకోండి. పుస్తకం వెనక "సర్వహక్కులు రచయితవి" అని ఉంటే సులువు. ప్రచురణకర్త పేరుంటే, అచ్చు హక్కులే ఇచ్చారా, డిజిటల్ కూడానా అని అడగాలి. 1970ల నాటి ఒప్పందంలో ఈబుక్ మాట ఉండే అవకాశమే లేదు. ఒప్పందం నాటికి వాడుకలో లేని మాధ్యమానికి అది వర్తించదని, ప్రత్యేకంగా రాసుకుంటేనే వర్తిస్తుందని 2012 సవరణ చెబుతోంది. కాబట్టి పాత పుస్తకమైతే ప్రచురణకర్తనీ రచయిత కుటుంబాన్నీ ఇద్దర్నీ కలపండి. కుటుంబమంటే ఒక్కోసారి నలుగురు అన్నదమ్ములు, అందులో ఇద్దరికి మాటల్లేకపోవడం కూడా ఉంటుంది. అందరి సంతకాలూ కావాలి. దొరక్కపోతే ఆ పుస్తకం పక్కన పెట్టి ఇంకో పుస్తకం చూసుకోవడమే.

ఫోన్లో "దానిదేముందండీ, పెట్టుకోండి" అంటారు, మంచివాళ్లు. అది చాలదు. లైసెన్స్ రాతపూర్వకంగా ఉండాలి. మేం వాడే నమూనా ఇదీ:

"నేను రాసిన ఈ పుస్తకాన్ని ఈబుక్ రూపంలో మీ లైబ్రరీ సభ్యులకు అరువు ఇవ్వడానికి అనుమతిస్తున్నాను. ఒకేసారి ముగ్గురికి మించకూడదు, ఒక్కొక్కరికి 14 రోజులు. ఈ అనుమతి 2026 ఏప్రిల్ 1 నుంచి మూడేళ్లపాటు, సభ్యులు ప్రపంచంలో ఎక్కడున్నా వర్తిస్తుంది. ఫాంట్ మార్పిడి, అచ్చుతప్పుల సవరణ తప్ప పాఠంలో మార్పులు చేయకూడదు. ఇందుకు ప్రతిఫలంగా ఒకేసారి ఇన్ని రూపాయలు ముట్టాయి. గడువు ముగిశాక ఫైల్ తొలగించి నాకు తెలియజేయాలి. ఈ పుస్తకం డిజిటల్ హక్కులు వేరెవరికీ పూర్తిగా ఇవ్వలేదని ధ్రువీకరిస్తున్నాను."

ఇందులో రెండు మాటలు కావాలని పెట్టినవి. గడువు రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగా లెక్కేస్తుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది. కోడలి పురిటికి డాలస్ వెళ్లిన అత్తగారు అక్కడ కూర్చుని నవల తెరిస్తే అది ఒప్పందం దాటినట్టే. అందుకే "ఎక్కడున్నా" అన్న మాట.

ప్రతిఫలం ఎంత? నా లెక్క సీదాగా ఉంటుంది. ఒకేసారి ముగ్గురికి ఇస్తున్నాం కాబట్టి అచ్చు పుస్తకం మూడు కాపీల పూర్తి ధర, కమిషన్ తగ్గించకుండా. మీకు డబ్బుంటే ఎక్కువే ఇవ్వండి. రచయిత వద్దన్నా ఏదో ఒకటి ముట్టజెప్పండి. పుచ్చుకున్న ప్రతిఫలం ఉన్న ఒప్పందానికి బలం ఎక్కువ, మర్యాద సంగతి ఎలాగూ ఉంది.

ఐదో అడుగు: కాపీరైట్ తీరినవి

మన దేశంలో రచయిత పోయిన మర్నాటి ఏడాది జనవరి 1 నుంచి 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. గురజాడ 1915లో, కందుకూరి 1919లో పోయారు, వారి రచనలు ఎప్పుడో అందరివీ అయ్యాయి. గోపీచంద్ 1962లో పోయారు కాబట్టి 2023 జనవరి 1 నుంచి ఆయనవీ స్వేచ్ఛగా వాడుకోవచ్చు. చలం రచనలు అలా కాదు. ఆయన పోయింది 1979లో, అంటే 2039 ముగిసేదాకా ఆగాలి. శ్రీశ్రీకైతే 2043.

రెండుచోట్ల జనం జారిపడతారు. పాత కావ్యానికి మొన్నమొన్న ఎవరో రాసిన టీకా ఉంటుంది. మూలం స్వేచ్ఛే, టీకా కాదు. ముందుమాటా అంతే, ముఖచిత్రమూ అంతే. ఇక అనువాదంలో అనువాదకుడి ఆయుష్షు కూడా లెక్కలోకి వస్తుంది.

ఇలాంటి పుస్తకాలకు వెయిటింగ్ లిస్టు పెట్టకండి. ఎంతమందికైనా ఇవ్వొచ్చు, ఎప్పటికీ ఉంచుకోవచ్చు.

ఆరో అడుగు: ఫైల్ తయారీ

రచయిత అనుమతి ఇచ్చేశారు, డీటీపీ చేసినవారికి ఫైల్ పంపమని చెప్పారు. వచ్చేది ఏమిటి? డీటీపీ చేసినవారి దగ్గరనుంచి పేజ్‌మేకర్ ఫైల్, అను ఫాంట్లలో. అసలు యుద్ధం ఇక్కడ మొదలవుతుంది.

అను ఫాంట్లు యూనికోడ్‌ని, అంటే ప్రతి అక్షరానికీ కంప్యూటర్లన్నిటికీ తెలిసిన ఒకే సంఖ్య ఇచ్చే పద్ధతిని, పాటించవు. అక్షరాల ముక్కల్ని ఇంగ్లిష్ అక్షరాల గడుల్లో పెట్టి, తెరమీద తెలుగులా చూపిస్తాయి. దాన్నుంచి తీసిన పీడీఎఫ్ కంటికి చక్కగానే ఉంటుంది. ఒక పేరా కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేసి చూడండి, చుక్కలూ గీతలూ ఇంగ్లిష్ ముక్కలూ కనిపిస్తాయి. అంటే అందులో వెతకడం కుదరదు, అక్షరం సైజు పెంచితే వాక్యం తెరకి తగ్గట్టు సర్దుకోదు, చూపులేనివారికి ఫోన్ చదివి వినిపించలేదు. ఆరంగుళాల ఫోన్లో పీడీఎఫ్‌ని అటూ ఇటూ జరుపుకుంటూ నవల చదవమంటే ఎవరు చదువుతారు?

అందుకని యూనికోడ్‌లోకి మార్చాలి. కన్వర్టర్లు ఉన్నాయి, పని నిమిషాల్లో అయిపోతుంది. ప్రూఫు చూడటానికే వారాలు పడుతుంది. ఒత్తులు పక్క అక్షరానికి తగులుకుంటాయి, గుడులు కొమ్ములు జారతాయి, కొటేషన్ గుర్తులు వింత అక్షరాలైపోతాయి. అచ్చు ప్రతి ఎదురుగా పెట్టుకుని ఒక మనిషి మొదటినుంచి చివరిదాకా చదవాల్సిందే. రిటైరైన తెలుగు మేష్టార్లు మీ అపార్ట్‌మెంట్‌లో ఒక్కరైనా ఉంటారు. ఆ పని వాళ్లకి అప్పగించండి, ఇష్టంగా చేస్తారు. సాఫ్ట్ కాపీ అసలే లేక స్కాన్‌నుంచి తీయాల్సి వస్తే గూగుల్ డ్రైవ్ ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాల్ని పాఠంగా మార్చే సదుపాయం) తెలుగు చదువుతుంది. మ, వు కలిపేస్తుంది. ప, వ తారుమారు చేస్తుంది. ప్రూఫు శ్రమ రెట్టింపు అనుకోండి.

పాఠం శుభ్రమయ్యాక ఈపబ్ చేయండి, అంటే తెర సైజుకి తగ్గట్టు సర్దుకునే ఈబుక్ ఫైల్. అందుకు పనికొచ్చే సిజిల్, క్యాలిబర్ సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితం. క్యాలిబర్ మన దేశస్థుడు కోవిద్ గోయల్ మొదలుపెట్టిందే. అధ్యాయాలకు శీర్షికలు పెట్టండి, విషయసూచిక దానంతట అదే వస్తుంది. మండలి, రామభద్ర, నోటో లాంటి స్వేచ్ఛా లైసెన్స్ ఫాంట్లలో ఒకటి ఫైల్లోనే పొదగండి, లేకపోతే ఒక్కో ఫోన్లో ఒక్కోలా కనిపిస్తుంది. తర్వాత ఈపబ్‌చెక్‌తో తప్పులు చూసుకోండి.

చివరి పరీక్ష యంత్రం చేసేది కాదు. మీ కమిటీలో అందరికన్నా పాత, చవక ఆండ్రాయిడ్ ఫోన్ ఎవరిదో తీసుకుని అందులో ఈ మాటలు చూడండి: స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, జ్ఞానం, అర్ఘ్యం, వస్త్రాలు. "స్త్రీ" విడిపోయి స్, త్, రీ అని మూడు ముక్కలుగా కనిపించిందంటే ఆ యాప్ పనికిరాదు, వేరే చదివే యాప్ సూచించాలి.

పుస్తకానికి కొత్తగా ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ నంబరు) కావాలంటే రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. అచ్చు ప్రతి నంబరు ఈబుక్‌కి వాడకూడదు. దరఖాస్తు రచయితో ప్రచురణకర్తో చేసుకోవాలి.

ఏడో అడుగు: కేటలాగ్

రెండు వందల పుస్తకాల దాకా స్ప్రెడ్‌షీట్ చాలు. దాటితే కోహా పెట్టుకోండి. న్యూజిలాండ్‌లో ఒక చిన్న లైబ్రరీ కోసం పుట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది, ఇప్పుడు మన దేశంలో ఎన్నో కాలేజీల్లో నడుస్తోంది. అందులో ఈబుక్ లింక్ 856 అనే గడిలో వేస్తారు.

ఒక్క విషయంలో మాత్రం బద్ధకించకండి. పుస్తకం పేరు, రచయిత పేరు తెలుగులోనూ, ఇంగ్లిష్ అక్షరాల్లోనూ రెండు విధాలా వేయండి. మనవాళ్లు చదివేది తెలుగైనా వెతికేది ఇంగ్లిష్ కీబోర్డుతోనే.

ఎనిమిదో అడుగు: ఇష్యూ, రిటర్న్, వెయిటింగ్

గడువు కాగానే పుస్తకం దానంతట అదే మూసుకుపోవాలంటే డీఆర్‌ఎం కావాలి. అంటే ఫైల్‌కి వేసే తాళం. ప్రధానంగా రెండు దారులు. అడోబీది పాతది: పాఠకుడు అడోబీ ఐడీ చేసుకోవాలి, ముందు ఒక చిన్న ఫైల్ దిగి, దాన్ని తెరిస్తే అసలు పుస్తకం దిగుతుంది. పెద్దవాళ్లకి ఫోన్లో వివరించడం బ్రహ్మప్రళయం. రెండోది పారిస్‌లోని ఈడీఆర్‌ల్యాబ్ నడిపే రీడియం ఎల్‌సీపీ: పుస్తకం తెరిచేటప్పుడు ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది, అంతే. కంప్యూటర్లో థోరియం రీడర్‌లో తెరుచుకుంటుంది. పాఠకుడి వైపు నుంచి చూస్తే ఇదే నయం. సర్వర్ పెట్టడానికి మాత్రం తెలిసిన మనిషి కావాలి. బెంగళూరులో ప్రతి అంతస్తులో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ ఉంటాడు కాబట్టి అది మనకి పెద్ద కష్టం కాదు. సర్టిఫికేషన్‌కి ఫీజు ఉంటుంది, కలిపి లెక్కేసుకోండి.

తాళం లేకుండా, ప్రతి పేజీ కింద సభ్యుడి పేరు, ఫ్లాట్ నంబరు ముద్రించి ఇవ్వడం మూడో దారి. చవక. కానీ రిటర్న్ అన్నది నమ్మకం మీదే. రచయితకి ముందే చెప్పి, ఆయన ఒప్పుకుంటేనే చేయండి. డ్రైవ్‌లో లింక్ పెట్టి డౌన్‌లోడ్ బటన్ ఆపేస్తే తాళం వేసినట్టు కాదు, స్క్రీన్‌షాట్లు తీసే చేతులు ఊరుకోవు.

వెయిటింగ్ గురించి సభ్యులకి నచ్చజెప్పడం ఇంకో పని. మా లైబ్రరీలో ఒక పెద్దాయన అడిగారు:

"ఏమ్మా, కంప్యూటర్లో ఉన్నదానికి క్యూ ఏమిటి? ఇంకో కాపీ కొట్టి పంపించరాదూ?"

"కొట్టడం క్షణం పని బాబాయ్ గారూ. రచయితకి మనం మూడు కాపీలకే డబ్బిచ్చాం. నాలుగోది కొడితే ఆయన జేబులోంచి తీసినట్టే."

"అయితే నాలుగోదానికి నేనిస్తాను, రాయించు."

అలా ఆ నవలకి నాలుగో కాపీ వచ్చింది. కొత్త లైసెన్సులకి సభ్యుల చందా అనే పద్ధతి అప్పట్నుంచే పెట్టుకున్నాం.

లెక్క ఇలా చూసుకోండి. మూడు లైసెన్సులు, క్యూలో పదిహేనుమంది, ఒక్కొక్కరికి 14 రోజులు అంటే చివరాయనకి పుస్తకం వచ్చేసరికి దాదాపు 70 రోజులు. అప్పటికి ఆసక్తి చచ్చిపోతుంది. ఒక్కో లైసెన్స్‌కి ఐదుగురు దాటితే ఇంకోటి తీసుకోండి, లేదా ఆ ఒక్క పుస్తకానికి గడువు 7 రోజులు చేయండి. చదవడం ముందే అయిపోతే రిటర్న్ బటన్ నొక్కమని ప్రతి ఇష్యూ మెసేజ్‌లోనూ రాయండి. చాలామందికి ఆ బటన్ ఉందనే తెలియదు. వంతు వచ్చినవాళ్లు మూడు రోజుల్లో తీసుకోకపోతే తర్వాతివారికి పంపేయండి. ఫైన్ల బెడద ఎలాగూ లేదు, గడువు రోజున పుస్తకం దానంతట అదే వెళ్లిపోతుంది.

తొమ్మిదో అడుగు: డబ్బు, వివరాలు

ఒప్పందాలు సంస్థ పేరు మీద ఉండాలి, కాబట్టి కర్ణాటక సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 1960 కింద నమోదు చేయించుకోండి. జీఎస్టీ చూసుకోండి: అచ్చు పుస్తకం మీద లేదు గానీ ఈబుక్ మీద ఉంది. 2018 జులైలో అచ్చు ప్రతి ఉన్న ఈబుక్‌కి 5 శాతానికి తగ్గించారు, అచ్చు ప్రతి లేనిదానికి 18 శాతమే ఉంచారు. వేదికల నుంచి కొంటే కొటేషన్‌లో ఏది వేశారో అడగండి.

సభ్యుల దగ్గర పేరు, ఫ్లాట్, ఫోన్, ఈమెయిల్ చాలు, ఆధార్ ఎందుకు? 2023 నాటి డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లో తండ్రో ఒప్పుకోవాలి. ఎవరు ఏం చదివారన్న చిట్టా రిటర్న్ అయిన వెంటనే చెరిపేయండి. ఎన్నిసార్లు ఇష్యూ అయిందన్న అంకె మాత్రం ఉంచుకోండి, రెన్యువల్‌కి కావాలి.

పదో అడుగు: గడువు తీరే రోజు

ప్రతి లైసెన్స్‌కీ ఒక వరుస: పుస్తకం, హక్కుదారు, ఫోన్ నంబరు, మొదలైన తేదీ, ముగిసే తేదీ, ఒకేసారి ఎంతమందికి, ఇప్పటిదాకా ఎన్ని ఇష్యూలు. ముగిసే తేదీకి 60 రోజుల ముందు క్యాలెండర్‌లో గంట మోగేలా పెట్టండి. ఆ రోజు ఇష్యూల గడి చూసి నిర్ణయించండి. మూడేళ్లలో ఇద్దరే చదివిన పుస్తకాన్ని మొహమాటానికి కొనసాగించకండి. రచయితకి మర్యాదగా ఉత్తరం రాసి ముగించండి. బాగా తిరిగినదైతే రెన్యువల్ అడిగేటప్పుడు ఆ అంకె రచయితకి చెప్పండి. తన పుస్తకాన్ని నలభైమంది చదివారని విన్న రచయిత రేటు పెంచడం నేనైతే చూడలేదు. రెండో పుస్తకం ఫైల్ కూడా పంపుతారు.

రెన్యువల్ లేదని తేలితే, ముగిసే తేదీకి 14 రోజుల ముందే కొత్త ఇష్యూలు ఆపేయాలి. లేకపోతే ఆఖరి పాఠకుడి గడువు లైసెన్స్ గడువు దాటిపోతుంది. క్యూలో మిగిలినవాళ్లకి ముందే మెసేజ్ పెట్టండి, అచ్చు ప్రతి బీరువాలో ఉంటే ఏ అరలో ఉందో చెప్పండి. ఆ తేదీన సర్వర్లోంచి, బ్యాకప్‌లోంచి, ప్రూఫు చూసిన మేష్టారి ల్యాప్‌టాప్‌లోంచి కూడా ఫైల్ తీసేయించాలి. అంతకుముందు, శుభ్రం చేసిన యూనికోడ్ ఈపబ్‌ని రచయితకి పెన్‌డ్రైవ్‌లోనో ఈమెయిల్‌లోనో పంపేయండి. పాఠం ఆయనది. ఆ ప్రతి చేతిలో ఉంటే హైదరాబాద్‌లో ఇంకో లైబ్రరీ అడిగిననాడు ఆయన మళ్లీ డీటీపీ షాపు చుట్టూ తిరగక్కర్లేదు.